చేతికి అందే చిన్న సీక్వెన్సర్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

విడి భాగాలను (మాడ్యూళ్లను) ఒక పెట్టెలో (కేస్‌లో) బిగించి, కేబుళ్లతో కలిపి వాయించే మాడ్యులర్ సింథసైజర్ల గురించి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఈసారి ఎక్కువ భాగం ఒకే సంగతి చుట్టూ తిరిగాయి: కేస్‌లో మిగిలిన కొద్దిపాటి జాగాలో ఏ సీక్వెన్సర్ మాడ్యూల్ అమర్చుకోవాలి? కొత్తగా ఇటు వచ్చిన పాఠకుల కోసం ముందుగా నాలుగు మాటలు. సీక్వెన్సర్ తనంతట తాను ధ్వని చేయదు. వేగాన్ని నడిపే క్లాక్ నుంచి పల్స్ అందిన ప్రతిసారీ ఒక స్టెప్పు ముందుకు కదిలి, ఆ స్టెప్పుకు మనం పెట్టిన వోల్టేజిని బయటికి పంపుతుంది. ఆ వోల్టేజి ధ్వనిని పుట్టించే ఆసిలేటర్‌కు వెళితే స్వరం మారుతుంది, ఫిల్టర్‌కు వెళితే నాదం రంగు మారుతుంది. స్వరం ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ఆగాలో ఎన్వలప్‌కు (స్వరం ఎలా లేచి ఎలా తగ్గాలో నడిపే మాడ్యూల్‌కు) చెప్పే సంకేతాన్ని గేట్ అంటారు. ఇక్కడి జవాబులన్నీ, వేర్వేరు తయారీదారులవి ఒకే కేస్‌లో ఇమిడేలా ఒకే కొలతలతో చేసే యూరోర్యాక్ పద్ధతి మాడ్యూళ్లకు సంబంధించినవి.

ప్రశ్న: నా దగ్గర 84 హెచ్‌పీ కేస్ ఒక్కటే ఉంది. ఆసిలేటర్, ఫిల్టర్, రెండు ఎన్వలప్‌లు, వీసీఏ (వోల్టేజితో ధ్వనిని పెంచి తగ్గించేది), మిక్సర్, క్లాక్ పెట్టాక 14 హెచ్‌పీ మిగిలింది. ఆ జాగాలో పట్టే సీక్వెన్సర్లు చాలానే ఉన్నాయి గానీ ఒకదానికొకటి పోలికే లేదు. దేన్ని బట్టి ఎంచుకోవాలి?

జవాబు: ముందు జాగా లెక్క చూద్దాం. ఒక హెచ్‌పీ అంటే 5.08 మిల్లీమీటర్లు, కాబట్టి మీకు మిగిలింది ఏడు సెంటీమీటర్ల పైచిలుకు వెడల్పు. ఎత్తు అన్ని మాడ్యూళ్లకూ ఒకటే, 128.5 మిల్లీమీటర్లు. అందులో పైనా కిందా పట్టాలకు, మరలకు పోగా నాబ్‌లకూ జాక్‌లకూ దక్కేది సుమారు పదకొండు సెంటీమీటర్లే. మూగ్ 960 నాటి నుంచి సీక్వెన్సర్ అనగానే కళ్ల ముందు మెదిలే రూపం ఒకటుంది: పక్కపక్కన ఎనిమిది స్టెప్పులు, ఒక్కో స్టెప్పుకు పై నుంచి కిందికి మూడు నాబ్‌లు. యూరోర్యాక్‌కు మూలమైన ఏ-100 వరుసలో డోప్ఫర్ సంస్థ తెచ్చిన ఏ-155 కూడా ఆ కోవకు చెందినదే. స్టెప్పుకు రెండేసి నాబ్‌లతో అది 50 హెచ్‌పీ ఆక్రమిస్తుంది, అంటే మీ కేస్‌లో సగానికి పైగా. అటువంటి పరికరాన్ని ఏడు సెంటీమీటర్లలోకి తేవాలంటే తయారీదారులు ఏదో ఒకటి వదులుకోక తప్పదు. ఒక్కొక్కరు ఒక్కొక్కటి వదులుకున్నారు కాబట్టే ఆ మాడ్యూళ్లు మీకు పోలిక లేనట్టు కనిపిస్తున్నాయి.

కొందరు జ్ఞాపకాన్ని వదులుకుంటారు. నాలుగో ఎనిమిదో నాబ్‌లు, ఒక్కో నాబ్ పక్కన ఒక లైటు, క్లాక్‌కూ రీసెట్‌కూ (వరుసను మొదటి స్టెప్పుకు తెచ్చే సంకేతానికి) జాక్‌లు, అంతే. ఏ స్టెప్పు మోగుతోందో కంటికి కనిపిస్తుంది, మూడో నాబ్ తిప్పితే మూడో స్వరం అప్పటికప్పుడు మారుతుంది. కానీ ఒకసారి నాబ్ కదిలితే పాత స్వరం పోయినట్టే, దాన్ని మళ్లీ చెవితో వెతుక్కోవాలి.

మరికొందరు నాబ్‌లను వదులుకుంటారు. చిన్న తెర, తిప్పి నొక్కే నాబ్ ఒకటో రెండో, నాలుగైదు బటన్లు ఉంటాయి. లోపల మాత్రం ఎన్నో వరుసలు దాచుకోవచ్చు. ఎవరైనా తయారు చేసుకునేందుకు వీలుగా డిజైన్‌ను బహిరంగంగా ఉంచిన ఆర్నమెంట్ అండ్ క్రైమ్ అనే మాడ్యూల్ సరిగ్గా 14 హెచ్‌పీలో ఇమిడి, నాలుగు అవుట్‌పుట్‌లతో సీక్వెన్సర్‌గానూ, వోల్టేజిని దగ్గరలోని స్వరానికి సర్దే క్వాంటైజర్‌గానూ పనిచేస్తుంది. నాయిస్ ఇంజినీరింగ్ వారి మిమెటిక్ డిజిటాలిస్ 10 హెచ్‌పీలోనే నాలుగు వరుసలు, వరుసకు 16 స్టెప్పులు ఇస్తుంది. ఇక మూడో రకంలో స్టెప్పు మీద పెత్తనాన్నే వదులుకుంటారు: టామ్ విట్‌వెల్ 2012లో మ్యూజిక్ థింగ్ మాడ్యులర్ పేరుతో తెచ్చిన ట్యూరింగ్ మెషీన్ ఇటువంటిది. దాన్ని గురించి మరో పాఠకురాలు అడిగారు, కిందకు చూడండి.

వీటిలో మీకు ఏది తగుతుందో హెచ్‌పీ అంకె చెప్పలేదు. మీ వాద్యం మోగుతున్నప్పుడు మీ కుడి చేయి ఎక్కడ ఉంటుందో గమనించండి. ఫిల్టర్ నాబ్ మీదే ఉంటుందా? అయితే స్వరాలను ముందే రాసిపెట్టుకుని ఇక ముట్టుకోనక్కర లేని తెర రకం మీకు చక్కగా సరిపోతుంది. స్వరాలనే మారుస్తూ వాయించాలని ఉందా? అయితే జ్ఞాపకం లేకపోయినా సరే, స్టెప్పుకు ఒక నాబ్ ఉన్నదే తీసుకోండి.

ఈ మాట నేను నష్టపోయి తెలుసుకున్నాను. మొదట్లో జాగా కలిసివస్తుందని తెర ఉన్న 6 హెచ్‌పీ సీక్వెన్సర్ ఒకటి కొన్నాను. ఒకరోజు నలుగురు మిత్రుల ముందు వాయిస్తుండగా ఐదో స్వరం అపస్వరంగా పడింది. దాన్ని సరిచేయడానికి బటన్ నొక్కి పట్టుకోవాలి, స్టెప్పుల పేజీకి వెళ్లాలి, నాబ్ తిప్పి ఐదో స్టెప్పు చేరుకోవాలి, నొక్కాలి, స్వరం మార్చాలి, మళ్లీ నొక్కాలి. నేను ఆ పని ముగించేలోపు ఆ అపస్వరం పదకొండు సార్లు మోగింది. ఆ మాడ్యూల్‌లో దోషం లేదు, అది ఆ పనికి చేసింది కాదు.

నాబ్ రకం కొనేటప్పుడు ఒక వివరం తప్పకుండా చూడండి. నాబ్ మొత్తం తిరుగుడు సుమారు 300 డిగ్రీలు. ఆ తిరుగుడులో ఐదు వోల్టులు, అంటే వోల్టుకు ఒక స్థాయి (ఆక్టేవ్) చొప్పున ఐదు స్థాయిలు ఇమిడితే, స్థాయికి పన్నెండు చొప్పున అరవై సెమీటోన్లు 300 డిగ్రీల్లో సర్దుకోవాలి, ఒక్కో సెమీటోన్‌కు దక్కేది ఐదు డిగ్రీలు. గడియారంలో నిమిషాల ముల్లు ఒక్క నిమిషంలో కదిలేది ఆరు డిగ్రీలు. వేలి గోరంత నాబ్‌ను అంతకన్నా తక్కువ దూరం తిప్పి శ్రుతి నిలబెట్టడం ఎంత ఓర్పున్నవారికైనా కష్టమే. పరిధిని ఒక వోల్టుకు కుదించే స్విచ్ ఉంటే అదే సెమీటోన్‌కు 25 డిగ్రీలు దక్కుతాయి, అప్పుడు చేతికి లొంగుతుంది. లేదా క్వాంటైజర్ లోపలే ఉండాలి. ఈ రెండూ లేని సన్నని సీక్వెన్సర్‌ను స్వరాలకు వాడాలంటే విడిగా ఒక క్వాంటైజర్ పెట్టుకోవాలి, దాని వెడల్పును కూడా సీక్వెన్సర్ లెక్కలోనే రాసుకోవాలి.

మరొక చిన్న సాధన. మీరు ఎంచుకున్న మాడ్యూల్ ముఖచిత్రాన్ని అసలు కొలతకే ముద్రించి, అట్టకు అంటించి, కేస్‌లోని ఖాళీలో నిలబెట్టండి. పక్క మాడ్యూళ్లకు ప్యాచ్ కేబుళ్లు గుచ్చి ఉంచి, ఆ బొమ్మలోని నాబ్‌ల మీద వేళ్లు పెట్టి చూడండి. జాక్‌లు నాబ్‌ల మధ్యలో ఉన్న మాడ్యూల్ అయితే, కేబుళ్ల అడవిలోకి వేలు దూర్చాల్సిన బాధ ఈ అట్టముక్కతోనే తెలిసిపోతుంది. నన్నడిగితే, జాక్‌లన్నీ అడుగున ఉన్న 12 హెచ్‌పీ మాడ్యూల్, జాక్‌లు చెదిరి ఉన్న 8 హెచ్‌పీ మాడ్యూల్ కన్నా చిన్నదే.

ప్రశ్న: సీక్వెన్సర్‌ను అసలు కేస్‌లో పెట్టకుండా బయటే ఉంచుకుంటే నష్టమేమైనా ఉందా?

జవాబు: బల్ల మీద చోటుంటే ఏమీ లేదు, పైగా కేస్‌లో జాగా అంతా మిగులుతుంది. కోర్గ్ ఎస్‌క్యూ-1లో ఎనిమిదేసి నాబ్‌ల వరుసలు రెండు, ధారాళంగా వేళ్లు పట్టేంత ఎడంతో ఉన్నాయి. ఆర్టూరియా కీస్టెప్‌లో 32 మీటలు ఉండటం వల్ల స్వరాలను నేరుగా వాయించి ఎక్కించవచ్చు. బయటి సీక్వెన్సర్‌కు లేని సుఖం ఒక్కటే: దాని స్టెప్పులను ఇతర మాడ్యూళ్ల వోల్టేజితో నడిపించే దారులు సాధారణంగా తక్కువ. స్టెప్పుల దిశను ఒక ఎల్ఎఫ్ఓతో (నెమ్మదిగా ఊగే వోల్టేజి ఇచ్చేదానితో) మార్చడం, నిడివిని మరో సీక్వెన్సర్‌తో మార్చడం వంటివి మీకు ఇష్టమైతే కేస్‌లోని మాడ్యూలే మేలు.

ప్రశ్న: ట్యూరింగ్ మెషీన్ తరహా మాడ్యూల్ నన్ను బాగా ఆకర్షించింది. ఒక నాబ్‌తోనే రాగమంతా పుడుతుందట. కానీ నచ్చిన వరుస దొరికినప్పుడు దాన్ని దాచుకోవడం ఎలా? నాకున్నది ఒక చిన్న కేస్.

జవాబు: ఆ మాడ్యూల్ లోపల జరిగేది తెలిస్తే మీ ప్రశ్నకు జవాబు దానిలోనే దొరుకుతుంది. పదహారు గళ్లు ఒక వరుసలో ఉన్నాయనుకోండి. ఒక్కో గడిలో ఉన్నది సున్నా గానీ ఒకటి గానీ. క్లాక్ కొట్టిన ప్రతిసారీ ఆ అంకెలన్నీ ఒక గడి పక్కకు జరుగుతాయి, చివర నుంచి బయటపడినది తిరిగి మొదటి గడిలోకి వస్తుంది. గళ్లలోని అంకెలను కలిపి చూస్తే వచ్చే విలువే వోల్టేజిగా బయటికి వెళుతుంది. పెద్ద నాబ్ నిర్ణయించేది ఒక్కటే: తిరిగి లోపలికి వచ్చే అంకెను ఉన్నది ఉన్నట్టు రానివ్వాలా, తారుమారు చేయాలా అని. నాబ్ నిట్టనిలువుగా ఉంటే ప్రతి అంకె ఏమవుతుందో చెప్పలేం, వరుస ఎప్పటికీ తిరిగి రాదు. కుడి చివరికి తిప్పితే ఏదీ మారదు, అదే వరుస పదేపదే మోగుతుంది. కుడి చివరికి కాస్త ఇవతల ఆపితే వరుస అలాగే ఉంటూ, అప్పుడప్పుడు ఒక్క స్వరం జారిపోయి కొత్తది వస్తుంది. ఎడమ చివరికి తిప్పితే బయటపడిన ప్రతి అంకె తలకిందులై లోపలికి వస్తుంది గనుక, వరుస రెట్టింపు నిడివిగల చక్రంగా తిరుగుతుంది.

అందువల్ల కుడి చివర ఉన్నంతసేపూ మీ వరుస నిలిచి ఉంటుంది. నాబ్ ఇవతలికి తిప్పితే మాత్రం అది వెళ్లిపోయినట్టే. ఆ వరుసను మళ్లీ రప్పించే దారి లేదు, రికార్డు చేసుకోవడమే ఉపాయం. దీన్ని లోపంగా చూసేవారు దీని జోలికి పోకపోవడం మంచిది. వెళ్లిపోతుందని తెలిసే వినేవారికి మాత్రం ఇంతకన్నా సుఖమైన సీక్వెన్సర్ మరొకటి లేదని నేను నమ్ముతాను, ఎందుకంటే చేయి ఒక్కచోటే ఉంటుంది, చెవి పూర్తిగా సంగీతం మీద ఉంటుంది.

చిన్న కేస్ అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. ట్యూరింగ్ మెషీన్ వెడల్పు 10 హెచ్‌పీయే, కానీ అది ఇచ్చేది స్వరాలకు సర్దని వోల్టేజి. దాన్ని స్వరాలుగా వినాలంటే క్వాంటైజర్ కావాలి, కాబట్టి అసలు వెడల్పు ఆ రెండింటి మొత్తం. మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి మార్బుల్స్‌లో క్వాంటైజర్ లోపలే ఉంది, గేట్‌లు ఒకవైపు, వోల్టేజిలు మరోవైపు విడివిడిగా పుడతాయి, పాత వరుసను ఎంతమేరకు తిరిగి వినిపించాలో నిర్ణయించే నాబ్ కూడా ఉంది. దాని వెడల్పు 18 హెచ్‌పీ. ఆ సంస్థ 2022లో పని ముగించింది గానీ, డిజైన్లను ముందునుంచీ బహిరంగంగా ఉంచినందువల్ల మార్బుల్స్‌ను ఇంకా సన్నగా కుదించి ఇతరులు తయారు చేస్తున్నారు. కుదించిన వాటిలో కొన్నిటికి నాబ్‌ల తొడుగులు కూడా ఉండవు, సన్నని కడ్డీలను వేళ్లతో తిప్పాలి. ఒకసారి అమర్చి వదిలేసే నాబ్‌కు ఇబ్బంది లేదు. వరుసను పట్టి ఉంచే నాబ్‌ను మాత్రం మీరు వాయించినంతసేపూ తిప్పుతూనే ఉంటారు, అది చిన్నదైతే చేయి అలసిపోతుంది.

ప్రశ్న: క్లాక్ మాడ్యూల్ నుంచి సీక్వెన్సర్‌కు క్లాక్, రీసెట్ రెండూ ఇచ్చాను. ఆపి మళ్లీ మొదలుపెట్టిన ప్రతిసారీ మొదటి స్వరం కాకుండా రెండో స్వరంతో మొదలవుతోంది. కొత్తగా కొన్న సన్నని సీక్వెన్సర్ ఇది. చెడిపోయిందా?

జవాబు: చెడిపోలేదు. ఈ ఫిర్యాదు చేసినవారు మీరొక్కరే కాదు, చిన్నా పెద్దా అన్ని సీక్వెన్సర్లలోనూ ఇది ఎదురవుతుంది. చిన్న పరీక్ష చేయండి. క్లాక్ ఆపేసి, సీక్వెన్సర్ ఐదో స్టెప్పు దగ్గర నిలిచి ఉండగా రీసెట్ ఒక్కటే ఇవ్వండి. లైటును చూడండి.

లైటు వెంటనే మొదటి స్టెప్పుకు దూకితే, మీది రీసెట్ అందగానే కదిలే రకం. ఆ తర్వాత వచ్చే క్లాక్ దాన్ని రెండో స్టెప్పుకు తీసుకుపోతుంది. మీ క్లాక్ మాడ్యూల్ మొదలవుతూనే రీసెట్‌నూ మొదటి పల్స్‌నూ ఒకేసారి పంపుతోంది. రెండూ ఒకేసారి అన్నది మన మాటే గానీ, సీక్వెన్సర్ వాటిని ఒకదాని వెనుక ఒకటిగానే చదువుకుంటుంది. రీసెట్ ముందు చదివి క్లాక్‌ను తర్వాత చదివితే మోగేది రెండో స్వరం. దీనికి విరుగుడు రీసెట్‌ను కొద్దిగా ఆలస్యం చేయడం. క్లాక్ పల్స్‌తో ఎక్కడికో ఒక స్టెప్పుకు కదిలినా, మరు క్షణమే రీసెట్ వచ్చి మొదటి స్టెప్పులో నిలబెడుతుంది.

లైటు కదలకుండా ఉండి, తర్వాతి క్లాక్‌కు గానీ మొదటి స్టెప్పుకు రాకపోతే అది వేరే రకం. వీటిలో వచ్చే తప్పు దీనికి ఎదురుగా ఉంటుంది: మొదటి స్వరం ఒక స్టెప్పు ఆలస్యంగా వస్తుంది. అప్పుడు ఆలస్యం చేయాల్సింది రీసెట్‌ను కాదు, క్లాక్‌ను. మీ లక్షణాన్ని బట్టి చూస్తే మీది మొదటి రకమే, అయినా పరీక్ష చేశాకే కేబుళ్లు మార్చండి.

రెండు మూడు మిల్లీసెకన్ల ఆలస్యం చాలు. నిమిషానికి 120 బీట్ల వేగంలో పదహారో వంతు స్వరం నిడివే 125 మిల్లీసెకన్లు కాబట్టి ఆ తేడా చెవికి అందదు. చాలా క్లాక్ మాడ్యూళ్లలో ఒక్కో అవుట్‌పుట్‌ను విడిగా జరిపే సౌకర్యం ఉంటుంది. లేకపోతే ట్రిగర్‌ను (పొట్టి పల్స్‌ను) ఆలస్యం చేసే మాడ్యూల్ ఒకటి మధ్యలో పెట్టాలి. సీక్వెన్సర్ కొనేముందే దాని వివరాల పుస్తకంలో రీసెట్ ఏ రకమో చదువుకుంటే ఈ అదనపు మాడ్యూల్ అవసరం తప్పుతుంది. జాగా కరువైన కేస్‌లో ఇది చిన్న విషయం కాదు.

ప్రశ్న: డ్రమ్ మెషీన్ నుంచి క్లాక్ ఇస్తే నా సీక్వెన్సర్ ఆరు రెట్లు వేగంగా పరుగెడుతోంది. ఎందుకు?

జవాబు: ఆ యంత్రం ఒక బీట్‌కు 24 పల్స్‌లు పంపుతోంది, మీ సీక్వెన్సర్ బీట్‌కు నాలుగు ఆశిస్తోంది. ఆరుతో భాగించే క్లాక్ డివైడర్ మధ్యలో పెట్టండి, లేదా డ్రమ్ మెషీన్ సెట్టింగుల్లో పల్స్‌ల సంఖ్యను నాలుగుకు మార్చే వీలుందేమో చూడండి. కొన్ని చిన్న సీక్వెన్సర్లలో ఈ భాగహారం లోపలే ఉంటుంది, మెనూలో వెతకండి.

ప్రశ్న: 4 హెచ్‌పీ సీక్వెన్సర్‌ను ఒక ఆసిలేటర్‌కు ఇస్తే శ్రుతి బాగుంది. అదే వోల్టేజిని విడదీసి రెండో ఆసిలేటర్‌కు కూడా ఇవ్వగానే పై స్థాయి స్వరాలు దిగిపోతున్నాయి, పక్కన మోగే కీబోర్డుతో కలవడం లేదు. చిన్న మాడ్యూళ్ల నాణ్యతే ఇంతా?

జవాబు: నాణ్యతను నిందించే ముందు మీరు విడదీసిన పద్ధతిని చూడాలి. ఊరకే జాక్‌లను కలిపిన మల్టిపుల్‌తోగానీ, చీలిక కేబుల్‌తోగానీ విడదీసి ఉంటారు. యూరోర్యాక్‌లో సాధారణంగా అవుట్‌పుట్‌కు సుమారు వెయ్యి ఓమ్‌ల నిరోధం, ఇన్‌పుట్‌కు సుమారు లక్ష ఓమ్‌ల నిరోధం ఉంటాయి. ఒక ఇన్‌పుట్‌కు కలిపినప్పుడు వోల్టేజిలో ఒక శాతం పోతుంది. ఆసిలేటర్‌ను ఆ స్థితిలోనే శ్రుతి చేసుకుంటాం కాబట్టి తెలియదు. రెండోది కలిపితే ఇంకో శాతం పోతుంది. సున్నా వోల్టుల దగ్గర ఒక శాతం అంటే సున్నాయే, అందుకే మీ కింది స్వరాలు బాగున్నాయి. మూడు వోల్టుల దగ్గర అది దాదాపు 30 మిల్లీవోల్టులు. ఒక వోల్టుకు ఒక స్థాయి అనే లెక్కలో సెమీటోన్ అంటే 83.3 మిల్లీవోల్టులు, కాబట్టి మీ పై స్వరం సెమీటోన్‌లో మూడో వంతుకు పైగా దిగిపోయింది. చెవికి అది బాగా తెలుస్తుంది.

విడదీసినా వోల్టేజి తగ్గకుండా నిలబెట్టే బఫర్ ఉన్న మల్టిపుల్ ఒకటి 2 హెచ్‌పీలో దొరుకుతుంది, దానితో ఈ సమస్య తీరిపోతుంది. నిరోధం వల్ల పోయే వోల్టేజిని తామే సరిదిద్దుకునే అవుట్‌పుట్‌లు ఉన్న సీక్వెన్సర్లూ ఉన్నాయి, వాటికి ఈ అదనపు మాడ్యూల్ అక్కర లేదు. మల్టీమీటర్ దగ్గరుంటే ఒక స్థాయి ఎడం ఉన్న రెండు స్వరాలను వేర్వేరుగా మోగించి వోల్టేజి కొలవండి. తేడా సరిగ్గా ఒక వోల్టు ఉండాలి. రెండో కేబుల్ గుచ్చగానే ఆ అంకె తగ్గితే దోషం సీక్వెన్సర్‌ది కాదని రుజువైనట్టే.

డిజిటల్ సీక్వెన్సర్లకు సంబంధించి మరొక్క మాట. పది వోల్టుల పరిధిని 12 బిట్‌లతో విభజిస్తే 4096 మెట్లు వస్తాయి, ఒక్కో మెట్టు 2.44 మిల్లీవోల్టులు, అంటే మూడు సెంట్లకు (సెమీటోన్‌లో నూరో వంతు ఒక సెంటు) కాస్త తక్కువ. స్వరాలకు అది చాలు. 16 బిట్‌లు ఉన్నవి ఇంకా నునుపు. అయితే బిట్‌ల సంఖ్య ఎంతున్నా కాలిబ్రేషన్ (వోల్టేజిని అసలు కొలతకు సరిపెట్టడం) సరిగా లేకపోతే ప్రయోజనం లేదు గనుక, వాడుకరే చేసుకోగల కాలిబ్రేషన్ ఉందో లేదో చూడటం నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది.

ప్రశ్న: నాకు స్వరాలతో పని లేదు. మూడు డ్రమ్ మాడ్యూళ్లను నడిపించాలి, 8 హెచ్‌పీ మించకూడదు.

జవాబు: వోల్టేజి అక్కర లేనప్పుడు చిన్న మాడ్యూల్‌లో ఎంతో వీలుంటుంది. గేట్ అన్నది ఉంది, లేదు అన్న రెండే స్థితులు కాబట్టి దానికి నాబ్ కాక బటన్ చాలు. ఇంటెలిజెల్ వారి స్టెప్పీ 8 హెచ్‌పీలోనే నాలుగు వరుసలు, వరుసకు 64 స్టెప్పుల వరకు ఇస్తుంది. మీరు దరువును బటన్లు నొక్కి కట్టేవారైతే అటువంటిదే తీసుకోండి.

దెబ్బలను లెక్కతో పంచే యూక్లిడియన్ పద్ధతి మరో దారి. ఎనిమిది స్టెప్పులలో మూడు దెబ్బలను వీలైనంత సమాన దూరంలో వేయాలి అనుకోండి. ఎనిమిదిని మూడుతో సమంగా భాగించలేం, అందుకే దూరాలు మూడు, మూడు, రెండుగా పడతాయి: దెబ్బ, ఖాళీ, ఖాళీ, దెబ్బ, ఖాళీ, ఖాళీ, దెబ్బ, ఖాళీ. ఆ చివరి రెండులోనే నడకకు ఊపు వస్తుంది. గాడ్‌ఫ్రీడ్ టూసాన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 2005లో రాసిన పరిశోధన వ్యాసంలో, రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకాన్ని కనుగొనడానికి యూక్లిడ్ చెప్పిన పద్ధతే ప్రపంచంలోని ఎన్నో సంప్రదాయ దరువులను పుట్టిస్తుందని చూపారు. ఆయన ఆధారం చేసుకున్న గణన పద్ధతి, న్యూట్రాన్ వనరుగా పనిచేసే ఒక యాక్సిలరేటర్‌లో పల్స్‌లను సమంగా పంచడానికి బ్యోర్క్‌లుండ్ అనే ఆయన రూపొందించినది. ప్రయోగశాల కోసం పుట్టిన లెక్క డ్రమ్ మీదికి వచ్చి చేరిన ఈ దారి నాకెప్పుడూ సంతోషాన్నిస్తుంది.

యూక్లిడియన్ పద్ధతిలో మీకు కావలసినవి మూడే అంకెలు: ఎన్ని స్టెప్పులు, ఎన్ని దెబ్బలు, ఎక్కడ మొదలు. ఏఎల్ఎం వారి పమేలాస్ న్యూ వర్కౌట్, దాని తర్వాత వచ్చిన పమేలాస్ ప్రో వర్కౌట్ 8 హెచ్‌పీలోనే ఎనిమిది అవుట్‌పుట్‌లు ఇచ్చి, ఒక్కోదానికి ఈ అంకెలు విడిగా పెట్టుకోనిస్తాయి. అవి క్లాక్ కూడా కాబట్టి, మీ కేస్‌లో విడిగా ఉన్న క్లాక్‌ను తీసేయవచ్చు. ఒక మాడ్యూల్ లోపలికి వచ్చి మరో మాడ్యూల్‌ను బయటికి పంపితే దాని అసలు వెడల్పు కాగితం మీది అంకె కన్నా తక్కువన్నమాట.

ప్రశ్న: సన్నని సీక్వెన్సర్ ఒకటి బిగించాక వేరే మాడ్యూల్ లైట్లు మినుకుమినుకుమంటున్నాయి.

జవాబు: విద్యుత్తు చాలడం లేదనిపిస్తోంది. వెడల్పు తక్కువైనంత మాత్రాన కరెంటు తక్కువ లాగాలని లేదు. తెర, ప్రాసెసర్ ఉన్న 4 హెచ్‌పీ మాడ్యూల్, పెద్ద అనలాగ్ మాడ్యూల్ కన్నా ఎక్కువ లాగవచ్చు, అదీ ముఖ్యంగా ప్లస్ 12 వోల్టుల తీగ మీద. అన్ని మాడ్యూళ్ల మిల్లీయాంపియర్లనూ ప్లస్ 12కు, మైనస్ 12కు వేర్వేరుగా కూడి, మొత్తం మీ పవర్ సప్లయి సామర్థ్యంలో నాలుగింట మూడు వంతులు దాటకుండా చూసుకోండి. ఈలోగా ఆ మాడ్యూల్ తీసి పక్కన పెట్టండి. తిరిగి బిగించేటప్పుడు రిబ్బన్ కేబుల్‌లో ఎర్ర గీత ఉన్న అంచు మైనస్ 12 వోల్టుల వైపే ఉందని రెండు చివరలా చూసుకోండి. తిరగేసి గుచ్చితే మాడ్యూల్ కాలిపోవచ్చు. లోతు కూడా కొలవండి: వెడల్పులో మిగుల్చుకున్న జాగాను సన్నని మాడ్యూళ్లు తరచు లోతులో వాడుకుంటాయి.

ప్రశ్న: 16 స్టెప్పుల సీక్వెన్సర్ ఒకటి కొనడమా, 8 స్టెప్పులవి చిన్నవి రెండు కొనడమా? వెడల్పు రెండింటికీ ఇంచుమించు ఒకటే అవుతోంది.

జవాబు: నేనైతే రెండు చిన్నవి కొంటాను. ఒకదాన్ని స్వరాలకు, మరొకదాన్ని గేట్‌లకు కేటాయించి, స్వరాలదాన్ని ఐదు స్టెప్పులకు, గేట్‌లదాన్ని ఎనిమిది స్టెప్పులకు అమర్చండి. రెండింటికీ క్లాక్ ఒకటే. ఐదు స్వరాలు తిరుగుతూ ఉంటాయి, ఎనిమిది స్టెప్పుల దరువు తిరుగుతూ ఉంటుంది, రెండూ కలిసి మొదటికి వచ్చేది 40 స్టెప్పుల తర్వాతే. ఒకే స్వరం ఒకసారి దరువు మొదట్లో, మరోసారి మధ్యలో పడుతూ కొత్త అర్థంతో వినిపిస్తుంది. ఒక నాబ్ తిప్పితే ఆ మార్పు 40 స్టెప్పుల పొడవునా వేర్వేరు చోట్ల బయటపడుతుంది. పదహారు నాబ్‌ల సీక్వెన్సర్‌లో ఇంత పొడవు రాదు, పైగా దాని ప్రతి నాబ్‌కూ ఒకే ఒక్క చోటు.

అయితే మీ పాట పదహారు స్టెప్పుల్లో ఒక వాక్యంలా సాగి ముగియాల్సినదైతే, రెండు చిన్నవి కలిపి ఆ వాక్యం పలికించాలంటే ఒకటి ముగిశాక మరొకటి అందుకునేలా చేసే స్విచ్ మాడ్యూల్ కూడా కావాలి. ఆ అవసరం తరచు ఉంటుందనుకుంటే పెద్దదే తీసుకోండి.

రెండు చిన్నవి వాడేవారికి ఎదురయ్యే చిక్కు ఒకటి ఇప్పుడే చెప్పాలి. గేట్ లేని స్టెప్పులో కూడా స్వరాల సీక్వెన్సర్ ముందుకు కదులుతుంది. అంతకు ముందు మోగిన స్వరం తోక ఇంకా వినిపిస్తూ ఉంటే, ఆ తోక మధ్యలో స్వరం మారిపోయి, ఎవరో తీగను లాగినట్టు వినిపిస్తుంది. ఎన్వలప్ పొట్టిగా ఉన్నంతసేపూ తెలియదు, పొడిగించగానే బయటపడుతుంది. స్వరాల సీక్వెన్సర్‌కూ ఆసిలేటర్‌కూ మధ్య ఒక శాంపిల్ అండ్ హోల్డ్ పెట్టి, గేట్‌ల సీక్వెన్సర్ నుంచి వచ్చే గేట్‌నే దానికి ట్రిగర్‌గా ఇవ్వండి. గేట్ వచ్చినప్పుడు మాత్రమే అది కొత్త వోల్టేజిని అందుకుని, తర్వాతి గేట్ దాకా పట్టి ఉంచుతుంది కాబట్టి తోక కదలదు. శాంపిల్ అండ్ హోల్డ్ కోసం విడిగా మాడ్యూల్ కొనకముందు మీ క్వాంటైజర్‌కు ట్రిగర్ ఇన్‌పుట్ ఉందేమో చూడండి. ఉంటే గేట్‌ను అక్కడ గుచ్చితే చాలు, అదే పని జరుగుతుంది.